వెనక తలుపులో చప్పుడు

కారును సర్వీసుకిచ్చి చీకటి పడకముందే ఇంటికి తెచ్చేసుకోవాలి. ఆ శనివారం పొద్దున్న పెందుర్తి నుంచి బయల్దేరినప్పుడు గురునాథరావు మనసులో ఉన్నది అదొక్కటే. గుమ్మంలో నిలబడ్డ కూతురికి ఆ మాటే ఇచ్చాడు. గోపాలపట్నం దాటేదాకా అదే మాట తనకు తాను కూడా చెప్పుకుంటూ వచ్చాడు.

కూతురు నాగమణికి నెలలు నిండాయి. ఇవాళో రేపో అంటోంది డాక్టరమ్మ. అల్లుడు ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ళు పంపిన ట్రైనింగులో భిలాయ్‌లో ఉన్నాడు. ఇంట్లో మిగిలింది నాగమణి, ఆమె నాయనమ్మ జోగమ్మ, ఆయన. భార్య పోయి ఆరేళ్ళయింది.

రెండేళ్ళ కిందట తొలి కాన్పుకి నాగమణికి నొప్పులొచ్చినప్పుడు పెందుర్తిలో బండి దొరకలేదు. రోడ్డు మీద గంటసేపు నిలబడి, వచ్చిన ప్రతి దీపానికీ చెయ్యెత్తాడు. చివరికి ఒక ఇటుకల లారీ డ్రైవరు జాలిపడి ఆపాడు. బిడ్డ దక్కలేదు. ఆ గంట ముందు వచ్చి ఉంటే దక్కేదా అన్నది ఎవరూ చెప్పలేదు. ఆయన ఎవరినీ అడగలేదు. పోర్టు ఆఫీసులో సూపరింటెండెంటుగా పనిచేసే మనిషి యాభై నాలుగేళ్ళ వయసులో డ్రైవింగు నేర్చుకుని, తెల్ల మారుతి కొన్నది ఆ ఒక్క గంట కోసమే.

అలాంటి కారు నెల రోజులుగా చప్పుడు చేస్తోంది. మలుపు తిరిగితే చాలు, వెనక ఎడమ తలుపు వైపు నుంచి గలగల. ఎండు చింతపిక్కలు చేటలో పోసి కదిపినట్టుండేది. దానికి తోడు మొన్న వాన పడ్డ మర్నాడు ఆ తలుపు కింద సిమెంటు మీద పసుప్పచ్చటి చారిక కనిపించింది. కారుతో పాటు ఇచ్చిన పుస్తకం తీసి చదివితే, బ్రేకు ఆయిలు లేత పసుపు రంగులో ఉంటుందని రాసి ఉంది. ఆ వాక్యం కంటబడ్డాక ఆయనకు అన్నం సయించడం మానేసింది.

"సప్పుడికే అంత కంగారేటిరా?" అంది జోగమ్మ. "మీ నాన్న ఎడ్లబండి ఆనందపురం సంతకెల్తే రెండూళ్ళకి ఇనిపించేది. ఎప్పుడైనా ఇరుసిరిగిందా?"

"ఇది ఎడ్లబండి కాదమ్మా. బ్రేకు పోతే ఎడ్లలాగా ఆగమంటే ఆగదు."

"ఇప్పుడే తీసికెల్లాలేటి? పిల్ల పురుడయ్యి ఇంటికొచ్చాక సూపించుకో. అందాకా సప్పుడే కదా, ఉండనీ."

ఆవిడ చెప్పింది తీసిపారేసే మాట కాదు. తీసుకెళ్తే ఒక పగలంతా ఇంట్లో కారుండదు. తీసుకెళ్ళకపోతే నొప్పులు పడుతున్న పిల్లను కూర్చోబెట్టుకుని, ఆ గలగలతో, పనిచేస్తాయో లేదో తెలియని బ్రేకులతో పదిహేను మైళ్ళు తోలాలి. రెండు భయాలనూ తూచి తూచి, చివరికి ఒక పగలు నయమనుకున్నాడు.

ద్వారకా నగర్ వెనక వీధిలో ఉన్న కంపెనీ షెడ్డు ఎనిమిదింటికి తెరుస్తారు. ఏడుంబావుకే వెళ్ళినా ఆయన ముందు ఐదు కార్లున్నాయి. అన్నీ తెల్ల కార్లే. అయితే పోర్టు వైపు నుంచి ఎగిరొచ్చే ఖనిజం దుమ్ము వల్ల అన్నీ లేత ఇటుక రంగులో కనిపిస్తున్నాయి. తన వంతు వచ్చేసరికి తొమ్మిదిన్నర.

సూపర్‌వైజరు సన్యాసిరాజు జేబులో రెండు కలాలుంటాయి. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. ఆయన కూపను అడిగాడు. గురునాథరావు గర్వంగా కవరులోంచి తీసి ఇచ్చాడు. మూడో ఉచిత సర్వీసు కూపను. స్కేలు పెట్టి, బ్లేడుతో కోసి, ముందే సిద్ధం చేసుకున్నాడు.

సన్యాసిరాజు దాన్ని వెలుగుకెత్తి చూశాడు. "పుస్తకంలోంచి ఇది మేం సింపాలండి. మీరు సింపేస్తే సెల్లదు."

"చుక్కల గీత వెంబడే కోశానండీ. ఎక్కడా వంకర పోలేదు."

"గీత తిన్నగానే ఉంది సార్. సెయ్యే తేడా."

గురునాథరావు సర్వీసు పుస్తకాన్ని కౌంటరు మీద పెట్టాడు. ముప్పయ్యేళ్ళు ఆఫీసులో ఇదే మాట ఎందరికో చెప్పిన మనిషి. కౌంటరు వెనక కూర్చున్న గుమస్తా అమ్మాయి గౌసియా ఆయన ముఖం ఒకసారి చూసి, కూపనూ పుస్తకమూ అందుకుంది. బంక సీసా తీసి, కోసిన అంచుకు అంచు కలిపి అతికించి, ఒక్క నిమిషం ఊది, సూపర్‌వైజరు ముందు పెట్టింది.

"ఇప్పుడు మీరు చింపండి రాజుగారూ."

సన్యాసిరాజు నవ్వు ఆపుకుంటూ చింపాడు. గురునాథరావు ఆ అమ్మాయికి దణ్ణం పెట్టబోయి, చిన్నపిల్ల కదా అని చెయ్యి దించుకున్నాడు.

తరవాత చప్పుడు సంగతి చెప్పాడు, పచ్చటి చారిక సంగతీ చెప్పాడు. సన్యాసిరాజు పక్కన కూర్చుని బస్సు కాంప్లెక్సు చుట్టూ తిప్పించాడు. కారు గుళ్ళో కూర్చున్న పిల్లిలా ఉంది, చప్పుడూ లేదు పాడూ లేదు. "అంతే సార్. డాక్టరు దగ్గరికి తెస్తే జరం తగ్గిపోద్ది," అన్నాడు సన్యాసిరాజు. తీరా తిరిగొచ్చి షెడ్డు గేటు దగ్గర మలుపు తిప్పగానే వెనకనుంచి గలగలమంది.

"అదీ! అదేనండీ!" అన్నాడు గురునాథరావు, తప్పిపోయిన చుట్టం కనిపించినట్టు.

"ఇన్నాను సార్." సన్యాసిరాజు ఎర్ర కలం తీసి జాబ్ కార్డు మీద కంప్లయింటు గడిలో రాశాడు. వెనక ఎడమ వైపు శబ్దం. పచ్చటి ద్రవం కారుట. "నాలుగింటికి రండి. ఇచ్చేత్తాం."

గురునాథరావు ఎక్కడికీ పోలేదు. వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. షెడ్డు లోపలికి వెళ్ళే చోట నేల మీద తెల్ల గీత గీసి, కస్టమర్లు దాటరాదని రాసి ఉంది. ఆ గీతకు ఇవతల నుంచి ఆయనకు తన కారు వెనక చక్రం మాత్రమే కనిపిస్తోంది. పదకొండింటికి ఆ చక్రం ఊడదీశారు. పన్నెండింటికి మళ్ళీ బిగించారు. ఒంటిగంటకు ఇంకోసారి ఊడదీశారు. ఊడదీసినప్పుడల్లా ఆయనకు, ఈ క్షణాన ఇంట్లో పిల్లకు నొప్పులు మొదలైతే అనిపించేది.

రెండింటికి ఉండబట్టలేక కౌంటరు ఫోను అడిగి, ఇంటి ఎదుట మందుల షాపుకు చేశాడు. మోగింది, మోగుతూనే ఉంది. మధ్యాహ్నం వాళ్ళు షాపు మూసి భోజనానికి వెళ్తారని ఆయనకు తెలుసు. తెలిసినా, ఎత్తకపోవడానికి వేరే కారణాలు పది తోచాయి. అందరూ మా ఇంటి దగ్గరే మూగి ఉంటారా? గౌసియా ఆయన వైపు చూడకుండానే అంది, "ఇంకోసారి చేసుకోండి సార్. లైను ఖాళీయే." మళ్ళీ చేశాడు. మళ్ళీ మోగింది.

రెండున్నరకు సన్యాసిరాజు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆ రావడంలోనే ఏదో ఉంది.

"సార్, బ్రేకులు సూసాం. కింద మొత్తం సూసాం. అన్నీ బావున్నాయి. సప్పుడెక్కడిదో దొరకలేదు. బండి ఉంచెయ్యండి. రేపు ఆదివారం, సెలవు. సోమారం మద్దేనం ఇచ్చేత్తాం."

"సోమవారమా!" గురునాథరావు లేచి నిలబడ్డాడు. "ఉంచడానికి వీల్లేదండీ. మా అమ్మాయికి నెలలు నిండాయి. ఏ గంటకైనా... బ్రేకులు బాగున్నాయన్నారు కదా? చప్పుడుంటే ఉండనివ్వండి. తీసుకుపోతాను."

"అవ్వదండి. కంప్లయింటు కార్డెక్కిపోయింది. ఎందువల్లో రాసి, ఏం సేసామో రాత్తే గానీ గేటు పాసు రాదు. కంపెనీ రూలు."

"ఆ కంప్లయింటు చేసింది నేనే కదండీ. నేనే వెనక్కి తీసుకుంటాను. కొట్టెయ్యండి."

"ఎర్రింకుతో రాసేసాను సార్," అన్నాడు సన్యాసిరాజు, తన చేతిలో ఏమీ లేనట్టు. "నీలమైతే ఏదో సేద్దును. ఎర్రింకు కొట్టేత్తే నా ఉద్యోగం మీదకొత్తాది."

గురునాథరావు తన నోటితో తనే చెప్పి, కారును తనే కట్టేయించుకున్నాడు. ఈ రాత్రి, రేపంతా, రేపు రాత్రి. మళ్ళీ ఆ రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తడం. ఫోను మోగి సన్యాసిరాజు లోపలికి వెళ్ళగానే, ఎప్పుడూ ఏ రూలూ దాటని ఆ మనిషి తెల్ల గీత దాటి షెడ్డు లోపలికి నడిచాడు.

కారు పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని ఒక మెకానిక్కు టీ తాగుతున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. గడ్డం సగం నెరిసింది. చొక్కా మీద మొహియుద్దీన్ అని ఎర్రదారంతో కుట్టి ఉంది.

"ఇక్కడికి రాకూడదు సాబ్," అన్నాడు. ముఖం చూశాక ఆ పీటే ఇవతలికి జరిపాడు. "కూసోండి. ఏటయింది?"

గురునాథరావు చెప్పాడు. రెండేళ్ళ కిందటి లారీ దగ్గర్నుంచి చెప్పాడు. ఎవరికీ చెప్పని గంట సంగతి కూడా, తెలియని మనిషి దగ్గర, నోరు జారినట్టు చెప్పేశాడు.

మొహియుద్దీన్ టీ గ్లాసు కింద పెట్టాడు. "రాజు బావ కిందే ఎతుకుతన్నాడు పొద్దుట్నించి. బండి సప్పుడంటే అందరూ కిందే ఎతుకుతారు." అతను వెనక తలుపు తీసి అద్దం దించే పిడి తిప్పాడు. మూడు వంతులు దిగి ఆగిపోయింది. "ఇక్కడెవరు కూసుంటారు సాబ్?"

"మా అమ్మ."

మొహియుద్దీన్ స్క్రూలు విప్పి, తలుపు లోపలి అట్ట ఊడదీసి, టార్చి వేసి లోపలికి తొంగిచూశాడు. తరవాత చెయ్యి పెట్టి ఒకటి పైకి తీశాడు. అతని వేళ్ళు పచ్చగా అయ్యాయి.

పసుపు కొమ్ము. నడుమ తెల్లదారం చుట్టి ఉంది. దారం మీద కుంకుమ బొట్టు.

"ఇలాంటివి ముప్పై పైనే ఉన్నాయి సాబ్. తలుపు అడుగునున్న నీళ్ళ కన్నాలు మూసీసినాయి. ఆన నీళ్ళు ఇందులో నాని పచ్చగా కారతన్నాయి. బ్రేకాయిలూ కాదు, ఏటీ కాదు."

గురునాథరావు ఆ కొమ్మును చేతిలోకి తీసుకుని చూస్తూ నిలబడిపోయాడు. గురువారాలు. గురువారం తలస్నానం చేసి, తడిజుట్టుతోనే జోగమ్మ కారు తాళం అడిగేది, లోపల దుమ్ము తుడుస్తానని. ఈ వయసులో ఎందుకమ్మా అంటే వినేది కాదు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి గురువారం గురువారం పసుపివ్వడం ఆవిడకు నలభై ఏళ్ళ అలవాటు. మోకాళ్ళు పట్టేశాక బస్సెక్కి అంత దూరం వెళ్ళలేకపోయింది. దించిన అద్దం పక్కన ఆ సన్నటి సందు, లోపల చీకటి, వేస్తే మళ్ళీ బయటికి రాని లోతు. ఆవిడ కంటికి అది హుండీ మూతిలా కనిపించింది. పిల్లకు నెల తప్పిందని తెలిసిన వారం మొదలు, వారానికొక కొమ్ము. కొద్దిగా ఉన్నంతకాలం వినపడలేదు, గుట్ట పెరిగాకే గలగల. ఎవరికీ చెప్పలేదు, చెబితే మొక్కు ఫలించదు. కారును షెడ్డుకు తీసుకెళ్ళొద్దని అంతగా ఎందుకు అందో ఇప్పుడు తెలిసింది.

"దొరికిందేటి?" అంటూ సన్యాసిరాజు వచ్చాడు. గీత దాటిన కస్టమరును చూసి కోప్పడబోయి, మొహియుద్దీన్ చెయ్యి చూసి ఆగిపోయాడు. "పసుపా? షెడ్డులో వంట మొదలెట్టావేటి బావా?"

"తలుపులో దొరికింది. అమ్మగారి మొక్కు."

సన్యాసిరాజు నుదురు రుద్దుకున్నాడు. "సరే. మొత్తం తీసి మూటకట్టి సార్ సేతికిచ్చెయ్. తీసివేయబడినది అని రాసి సంతకం పెట్టేత్తాను. పావుగంటలో గేటు పాసు."

పావుగంట. పొద్దుట్నించి ఆ మాట కోసమే కూర్చున్నాడు గురునాథరావు. అయినా నోట్లోంచి సరేనన్న మాట రాలేదు. దేవుడి మీద తనకున్నది నమ్మకమో అలవాటో ఆయన ఏనాడూ తేల్చుకోలేదు. కానీ తల్లి సంగతి తెలుసు. మొక్కు తీరకుండానే కొమ్ములు బయటికొచ్చాయని తెలిశాక కాన్పులో ఏ చిన్న తేడా వచ్చినా, అది ఆవిడ తన నెత్తిన వేసుకుని మోస్తుంది, బతికున్నంత కాలం. ఆ గంటను ఆయన మోసినట్టు.

"ఉండనిస్తే ఏమవుతుందండీ?"

"ఉంటే సప్పుడుంటాది. సప్పుడుంటే కంప్లయింటుంటాది. కంప్లయింటుంటే బండి ఇక్కడే ఉంటాది," అన్నాడు సన్యాసిరాజు. అందులో గురునాథరావుకు ఎక్కడా లోపం కనిపించలేదు.

మొహియుద్దీన్ నవ్వాడు. "మా అమ్మ జన్నత్ బీ నా పెళ్ళి కోసం దర్గాలో దారం కట్టింది సాబ్. పెళ్ళయ్యి ఇరవయ్యేళ్ళయింది, ఇంక ఇప్పెయ్యవే అంటే, పెళ్ళాం నిలబడాలి కదరా అంటది. ఏ మూల కట్టిందో ఇప్పటికీ సెప్పదు. ఒకరు కట్టింది ఇంకొకరు ఇప్పకూడదు." సన్యాసిరాజు వైపు తిరిగాడు. "అరగంట ఇయ్యి బావా. సప్పుడు లేకుండా సేసి సూపిత్తాను."

అతను పంపు దగ్గర మోచేతుల దాకా సబ్బు పెట్టి చేతులు కడుక్కొచ్చాడు. స్టోరులోంచి కొత్త గుడ్డ తెప్పించి, కొమ్ములు ఒక్కొక్కటే తీసి అందులో పెట్టాడు, ఒక్కటీ నేల తగలకుండా. నీళ్ళ కన్నాలు పొడిచి శుభ్రం చేశాడు. గుడ్డను సంచిలా మడిచి, లోపల స్పాంజి ముక్క వేసి, తలుపు లోపలి పట్టీకి తీగతో బిగించాడు. అద్దం పైకీ కిందికీ తిప్పి చూశాడు. సాఫీగా ఆడింది.

"సంచి మూతి సందు కిందికే పెట్టాను సాబ్," అన్నాడు గొంతు తగ్గించి. "ఇంకా గురువారాలు మిగిలుంటే పడడానికి."

తరవాత జాబ్ కార్డు అందుకుని తనే రాశాడు. లూజు వస్తువు బిగించబడినది.

"ఏ వస్తువు?" అన్నాడు సన్యాసిరాజు.

"గడి సిన్నది బావా. అంతకన్నా పట్టదు."

సన్యాసిరాజు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. అందులో అబద్ధం లేదు. కారును గేటు మలుపులో అటూ ఇటూ తిప్పించాడు. తలుపుకు చెవి ఆనించినా చప్పుడు లేదు. నీలం కలంతో సంతకం పెట్టాడు.

గురునాథరావు ఇల్లు చేరేసరికి ఇంకా వెలుగుంది. నాగమణి గుమ్మంలో కుర్చీ వేసుకుని జడ చిక్కు తీసుకుంటోంది. ఏమీ జరగలేదు. మధ్యాహ్నం ఎవరూ ఎత్తని ఆ ఫోను, భోజనానికి మూసిన షాపు ఫోనే.

జోగమ్మ కారు దగ్గరికొచ్చింది. "బాగైపోయిందేటి?"

"అయిపోయిందమ్మా."

"లోపలేటి ఇప్పినారు?"

ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. చెబితే మొక్కు పోతుందేమో, తెలిసినట్టు తెలిసినా పోతుందేమో. "బ్రేకులు చూశారు," అని ఊరుకున్నాడు. ఆవిడ ఆదివారమంతా కారుకెదురుగా అరుగు మీద కూర్చుని ఉంది.

సోమవారం తెల్లవారుతుండగా నాగమణికి నొప్పులు మొదలయ్యాయి. ఐదు నిమిషాల్లో కారు రోడ్డెక్కింది. నాగమణి వెనక సీట్లో పక్కకు ఒరిగి, నాయనమ్మ చెయ్యి నలిపేస్తోంది. జోగమ్మ రెండో అరచెయ్యి తలుపుకు ఆనించి ఉంది. గోపాలపట్నం దగ్గర ఒక మలుపు. ఎన్.ఏ.డి. జంక్షన్ దగ్గర ఇంకొకటి. గురునాథరావు అద్దంలో తల్లి ముఖం చూశాడు. అంత భయం ఆ ముఖంలో రెండేళ్ళ కిందట లారీలో చూశాడు.

"ఒరే గురునాథం," అంది. "సప్పుడు రాదేటిరా?"

"నా సప్పుడు సాల్దేటే నీకు!" అని అరిచింది నాగమణి.

గురునాథరావు కళ్ళు రోడ్డు మీంచి తిప్పలేదు. "ఉన్నాయమ్మా," అన్నాడు. "అన్నీ లోపలే ఉన్నాయి. ఒక్కటి కూడా పోలేదు. కదలకుండా కట్టారు, అంతే."

కంచరపాలెం దాటాక జోగమ్మ మెల్లిగా అడిగింది.

"నాను నీకు సెప్పనేదు కదా?"

"నువ్వు చెప్పలేదు."

"ఎవులికీ సెప్పనేదు."

"చెప్పలేదమ్మా. నాకు తెలుసు."

"అయితే పరవానేదు," అంది జోగమ్మ. తలుపు మీంచి చెయ్యి తీసి, మనవరాలి తలను ఒళ్ళోకి లాక్కుంది. "తిన్నగా సూసి తోలు."

పెద్దాసుపత్రి గేటు దగ్గర కాపలా మనిషి పోర్టికో కిందికే రానిచ్చాడు. స్ట్రెచరు వచ్చింది. లోపల నర్సు నాగమణి చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ, నొప్పులెప్పుడు మొదలయ్యాయని అడిగింది. గురునాథరావు గడియారం చూసుకున్నాడు.

"ముప్పావుగంటయిందండీ."

"అయితే చాలా టైముంది," అంది నర్సు. "కంగారుపడకండి, బయట కూర్చోండి."

ఆ మాట ఇంకొక్కసారి చెప్పించుకుందామనుకున్నాడు ఆయన. ఆవిడ అప్పటికే స్ట్రెచరు తోసుకుంటూ లోపలికి వెళ్తోంది. పనిలో ఉన్న మనిషిని ఆపడం ఎందుకని ఊరుకుని, తల్లికి బల్ల మీద చోటు చూశాడు.